లైప్జిగు నవ్యసంగీతపత్రిక : నిర్మాణము, విమర్శపద్ధతి

కావ్యమును విమర్శించువానికొక సౌకర్యము కలదు. తాను మెచ్చిన పద్యమునైనను, దూషించిన పద్యమునైనను బుటమీఁద నుదాహరించి చదువరి యెదుటఁ బెట్టవచ్చును. చదువరి దానిఁ దానే చదివికొని విమర్శకుని మాట నిజమో కాదో తేల్చుకొనును. సంగీతమును విమర్శించువాని కీ సౌకర్యము లేదు. నాదము కాగితముమీఁద నిలువదు. స్వరలిపి వ్రాసి చూపినను దానిఁ గంటితోఁ జూచి మనస్సులో వినఁగలవారు మిక్కిలి యరుదు. అందుచేత సంగీతపత్రికను నడపువాఁడు తాను వినినదానిని విననివారికి మాటలతో వినిపింపవలసినవాఁ డగుచున్నాఁడు. పైఁగాఁ దానింకను విద్యార్థిదశ దాఁటకయే యాచార్యుల కృతులకు విలువ కట్టఁబూనినచో నది మఱియుఁ గష్టము. ఈ రెండు కష్టములకును వెనుదీయక 1834వ సంవత్సరమున సాక్సనీ రాజ్యమందలి లైప్జిగు నగరమునఁ గొందఱు యువకులు స్థాపించిన సంగీతపత్రిక యొకటి కలదు. దాని నిర్మాణమెట్టిదో, అది సంగీతమునకు విలువ కట్టిన పద్ధతి యెట్టిదో, ఆ తీర్పులలో నేవి నిలిచెనో, యేవి నిలువలేదో యిచట విచారింపఁబడును.

పందొమ్మిదవ శతాబ్దారంభమున లైప్జిగు జర్మను పుస్తకవ్యాపారమునకుఁ బట్టుగొమ్మ. సంగీతగ్రంథముల నచ్చొత్తించి విక్రయించు బ్రైట్‌కోఫ్-హెర్టెల్ సంస్థవారు 1798లోనే యచ్చట సార్వజనిక సంగీతపత్రిక యను నర్థమిచ్చు పేరుతో వారపత్రిక నొకదానిని స్థాపించిరి. రోఖ్లిట్స్ అను విద్వాంసుఁడు తొలి యిరువదేండ్లు దానిని ఘనముగా నడపెను. బేతోవెన్ యైదవ సింఫొనీని గూర్చి హోఫ్‌మన్ వ్రాసిన ప్రసిద్ధవిమర్శ 1810లో వెలువడినది యా పత్రికయందే. కాని 1827 నుండి ఫింక్ సంపాదకుఁడైన పిదప నది మెత్తవడెను. వచ్చిన ప్రతి కృతికిని నేదో యొక మంచిమాట చెప్పి సాగనంపుట యలవాటయ్యెను. దీనికి సంపాదకుని సౌమ్యస్వభావ మొక్కటియే కారణము కాదు. పత్రికకు స్వామి యెవఁడో కృతుల నమ్ముకొను వర్తకుఁడును వాఁడే. తన యంగడి సరకును దన తక్కెడలోనే తూఁచి చూపు వర్తకుని తూనిక నెవ్వరు నమ్ముదురు? లైప్జిగు యువకులా విమర్శలను దేనెపూఁతలని యెగతాళి చేసిరి. బెర్లినులో రెల్‌స్టాబ్ నడపుచుండిన ఐరిస్ పత్రిక యిందుకు విపరీతము. అందుఁ దేనె లేదు గాని, షోపెన్ వంటి నూతనునిపై నిర్దయమైన నిందయే యుండెను. మెచ్చుట తెలిసినవారికిఁ దూఁచుట తెలియదు, తూఁచుట తెలిసినవారికి మెచ్చుట తెలియదు. ఆనాఁటి విమర్శస్థితి యిది.

సంగీతస్థితియు నాశాజనకముగా లేదు. వేబర్ 1826లోను, బేతోవెన్ 1827లోను, షూబర్టు 1828లోను గతించిరి. నాటకశాలలను రోసీని యేలుచుండెను. పియానోవాద్యమున హెర్ట్స్, హ్యూంటెన్ మొదలగువారి వ్రేళ్ల నేర్పునకే గిరాకి. మెండెల్సన్, షోపెన్, బెర్లియోజ్ అప్పుడప్పుడే తలయెత్తుచుండిరి.

పత్రికకు మూలపురుషుఁడు రాబర్టు షూమన్. ఆతఁడు 1810 జూను 8వ తేదీని త్స్వికావు పట్టణమునఁ బుస్తకవిక్రేత యింటఁ బుట్టెను. తండ్రి యంగడియే బాలునికి గ్రంథాలయము. పాఠశాలలోఁ జదువుచున్న కాలముననే, 1825లో, సహాధ్యాయులను గూర్చుకొని జర్మను కవులను జదువుటకై సాహిత్యసంఘము నొకదానిని నెలకొల్పెను. పదునైదేండ్ల బాలుఁడు పెట్టిన యా సంఘమే తరువాతి పత్రికకు బీజమనుట యతిశయోక్తి కాదు. తండ్రి 1826లో మృతినొందఁగాఁ దల్లి కోరిక ననుసరించి 1828లో లైప్జిగు విశ్వవిద్యాలయమున న్యాయవాదవిద్యకుఁ జేరెను. ఆ చదువునందు మనసు నిలువలేదు. 1830లో దానిని విడిచి, ఫ్రీడ్రిఖ్ వీక్ అను పియానో ఆచార్యుని నాశ్రయించి యాయన యింటనే యుండి నేర్చుకొనెను. వీక్ కూఁతురు క్లారా యప్పటికిఁ బదునొకండేండ్ల బాలిక. తండ్రియొద్ద నేర్చి యప్పటికే సభలలో వాయించుచుండెను. షూమన్‌నకుఁ గుడిచేతి వ్రేలు చెడి, 1832 ప్రాంతమున గొప్ప వాదకుఁడు కావలెనను నాశ యడుగంటెను. చేయి చెడకున్నచోఁ బత్రిక పుట్టెడిదో లేదో చెప్పఁజాలము.

అంతకు ముందే, 1831 డిసెంబరులో, అతని మొదటి విమర్శ ఫింక్ పత్రికలోనే వెలువడియుండెను. మోజార్టు గీతముపై షోపెన్ రచించిన రెండవ కృతి యందు విషయము. షోపెన్, షూమన్ లిరువురును నొక్క యేఁడే పుట్టినవారు. ఆ వ్యాసము శాస్త్రవిచారమువలె నుండక కథవలె నుండును. యూసేబియసు అను మృదుస్వభావుఁడు స్వరపత్రమును దెచ్చి మిత్రులకుఁ జూపును. ఫ్లోరెస్టాన్ అను నావేశపరుఁ డుప్పొంగి మాటాడును. తుదకందఱును రారో అను నాచార్యునియొద్దకుఁ దీర్పునకై పోవుదురు. ఫింక్ ఈ వ్యాసమును గేవలముగాఁ బ్రకటింపక, ప్రాఁతసంప్రదాయమునకుఁ జెందిన వేఱొక విమర్శకుఁ డదే కృతిని గూర్చి వ్రాసినదానిని దాని ప్రక్కనే చేర్చి ప్రకటించెను. సంపాదకధర్మమునుబట్టి చూచిన నిందుఁ దప్పు లేదు. కాని యువకుఁడైన రచయితకుఁ దన బిడ్డను గాపలావానితోఁ గూడఁ బంపినట్లు తోఁచియుండును.

1833వ సంవత్సరాంతమున లైప్జిగులోఁ గొందఱు సంగీతవిద్యార్థులును మిత్రులును సాయంకాలములందు జేరి ముచ్చటించుకొను నలవాటు కలిగెను. కాఫీచెట్టను నర్థముగల పేరుతో నచ్చట నొక పాత కాఫీశాల కలదు. షూమన్ నిత్యము కూర్చుండుచోటది. వాద్యసంగీతము చెడిపోవుచున్నదని యందఱును దుఃఖించువారే. ఒకనాఁడు వారికి, ఊరక చూచుచు దుఃఖించుటకంటె మనమే పూనుకొని చక్కఁజేయరాదా యను నాలోచన పుట్టెను. పత్రికకు నలుగురు పూనిరి. షూమన్ ఒకఁడు. లూడ్విగ్ షుంకె రెండవవాఁడు. షూమన్ యీడువాఁడే, అతనితో నొకే యింట వసించినవాఁడు, మేలైన పియానోవాదకుఁడు. మూఁడవవాఁడు యూలియస్ క్నోర్, వారికంటె మూఁడేండ్లు పెద్ద. నాలవవాఁడు సాక్షాత్తు గురువగు వీక్; ఆయనకప్పటికి నలువదెనిమిదేండ్లు. ముగ్గురు యువకులు, ఒక యాచార్యుఁడు. ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను. పత్రిక భాగ్యదౌర్భాగ్యములన్నియు దీనియందే యిమిడియున్నవి. హార్ట్‌మన్ అను పుస్తకవిక్రేత ప్రకాశకుఁడుగా నుండ నంగీకరించెను. 1834 ఏప్రిలు 3వ తేదీని మొదటి సంచిక వెడలెను. క్రొత్త లైప్జిగు సంగీతపత్రిక యని తొలియేఁటి పేరు. మఱుసటి యేఁటినుండి యూరిపేరు విడిచి నవ్యసంగీతపత్రిక యనిరి.

ఇఁక నిర్మాణము. సంపాదకుల పేళ్లు ముఖపుటమీఁద వేయక, కళావేత్తలు కళామిత్రులునగు వారి సంఘముచేతఁ బ్రకటింపఁబడునదని మాత్రమే చెప్పిరి. వారమునకు రెండు సంచికలు. సంచిక నాలుగు పుటలు. ఇది చిన్న విషయమని తోఁచును గాని కాదు. నెలకొకమాఱు వచ్చు పత్రికలో విమర్శ గ్రంథమువలె బరువెక్కును. దినపత్రికలో వార్తవలెఁ దేలిపోవును. వారమునకు రెండు మాఱులు నాలుగేసి పుటలు వచ్చుచో దీర్ఘవ్యాసమును భాగములుగా విడఁదీయవచ్చును, చదువరి జ్ఞాపకమును దెగదు. ప్రతి సంచిక శిరస్సునను గవివాక్య మొకటి. మొదటి సంచికకు షేక్స్పియరు ఎనిమిదవ హెన్రీ నాటకపు నాందీభాగమునుండి తీసికొన్నారు. తరువాత గెటె, జాన్ పాల్ మొదలగువారి వాక్యములు తఱచు. సంగీతపత్రికకుఁ గవుల పంక్తులు తలకట్టుగా నుంచుటలోనే వారి మతము తెలియుచున్నది. సంగీతమును గవిత్వమును నొక్క తల్లి బిడ్డలనియు, గొప్ప కృతిని గూర్చిన మాట తానును గొప్పదిగా నుండవలెననియు వారి నమ్మకము.

విషయవిభాగము నాలోచించి చేసినదే. శాస్త్రచరిత్రవిషయికములగు వ్యాసములు, సంగీతమునకు సంబంధించిన కథలు కల్పనలు, నూతనకృతుల విమర్శలు, పారిస్ వియన్నా బెర్లిను మొదలగు నగరములనుండి లేఖకులు పంపు వృత్తాంతములు, తుదకుఁ జిల్లరవార్తలు. 1838 నుండి స్వరలిపితో నచ్చొత్తిన కృతులను గొన్నింటి ననుబంధముగాఁ జందాదారులకుఁ బంపఁజొచ్చిరి. అందు యువకుల క్రొత్తరచనలును, బూర్వుల యముద్రితములును గలవు. మొదట చెప్పిన కష్టమునకిది కొంత పరిహారము. మాటలతోఁ జెప్పలేనిది చదువరి తన యింటఁ దన పియానోమీఁద వాయించుకొని తెలిసికొనును.

రచయితలు పేళ్లు వేయక సంఖ్యలు వేసెడివారు. షూమన్ వ్యాసములకు రెండను నంకెగాని, రెండుతోఁ గూడిన పండ్రెండు మొదలగు సంఖ్యలుగాని గుర్తు. దీనికంటె విచిత్రము దావీదు సంఘము. దావీదు యూదుల పురాణగాథలలో వీణ మీటుచుఁ గీర్తనలు పాడిన రాజు. ఫిలిస్టీను లతని శత్రువులు. జర్మను విశ్వవిద్యాలయములందు విద్యార్థులు తమ గుంపునకుఁ జెందని పురజనులను ఫిలిస్టీనులని వెక్కిరించుట పూర్వాచారము. కళారుచి లేని మంకుఁబట్టువాఁడని యర్థము పిదప వ్యాపించెను. విద్యార్థుల నోటి వెక్కిరింతను షూమన్ సంగీతమునకుఁ దెచ్చెను. మంచి సంగీతమును బ్రేమించువారందఱును దావీదు సంఘసభ్యులు, తక్కినవారు ఫిలిస్టీనులు. ఈ సంఘమునకుఁ గార్యాలయము లేదు, నియమావళి లేదు, సభ్యులలోఁ గొందఱు లోకముననే లేరు. ఫ్లోరెస్టాన్, యూసేబియసు అను నిరువురును షూమన్ హృదయములోని రెండు పాళ్లు. రారోయందు గురువగు వీక్ ఛాయ కలదు. క్లారా ‘కియారా’ యయ్యెను; మెండెల్సన్ ‘ఫెలిక్స్ మెరిటిస్’ అయ్యెను. తనకు సభ్యత్వమున్నదని యెఱుఁగకయే బెర్లియోజ్ ఆ సంఘమున సభ్యుఁడయ్యెను.

పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి సాక్షిసంఘము నెఱిఁగిన యాంధ్రపాఠకునకీ కల్పన క్రొత్తగాఁ దోఁపదు. జంఘాలశాస్త్రి లేచి యుపన్యసించునపుడు మాటాడుచున్నది పంతులుగారే యని తెలియును, ఐనను బంతులుగారు తమ పేరఁ జెప్పినచో నంత స్వేచ్ఛగాఁ జెప్పరనియుఁ దెలియును. అయితే పంతులుగారికి మార్గదర్శి ఇంగ్లీషు స్పెక్టేటరు. షూమన్‌నకుఁ బ్రేరకుఁడు జాన్ పాల్ నవలలలోని జంటపాత్రలు. ఇరువురకును సంబంధము లేదు. వైయాకరణులకింకను సన్నిహితమైన పోలిక మహాభాష్యమందుఁ గలదు. పతంజలి సూత్రమును విచారించునపుడు పలికినవాఁ డొక్కఁడే యైనను, పూర్వపక్షి, ఏకదేశి, సిద్ధాంతి యని పలువురు మాటాడుచున్నట్లు వ్యాఖ్యాతలు విభజించి చూపుదురు. రారో సిద్ధాంతి. ఫ్లోరెస్టాన్, యూసేబియసు లిరువురు నేకదేశులు. ఒకని మాటయు నబద్ధము గాదు, ఒకని మాటయుఁ బూర్ణము గాదు. కృతి యొక్కటియే యైనను దానిని వినువానిలో వేడిమియు శైత్యమును రెండును బుట్టును. ఈ రెంటిని గలిపి నడిమి మాట చెప్పుట ఫింక్ మార్గము. రెంటిని వేర్వేఱుగాఁ బలికించి చదువరినే న్యాయాధిపతిని జేయుట షూమన్ మార్గము.

పత్రిక తొలియేఁటనే కూలవలసినది. వీక్ కచ్చేరీలకై కూఁతునితో దేశాటనమునఁ దిరుగుచుండుటచేఁ బత్రికకుఁ గాలము చాలలేదు. సంపాదకుఁడుగా నియమితుఁడైన క్నోర్ వ్యాధిపీడితుఁడయ్యెను. భారమంతయు షూమన్ మీఁదఁ బడెను. షుంకె క్షయరోగమున 1834 డిసెంబరు 7వ తేదీని, ఇరువదినాలుగేండ్లు నిండకమునుపే, మరణించెను. ప్రకాశకునితో వివాదము ముదిరెను. మిగిలినవారు చెదరిరి. షూమన్ హక్కులన్నియుఁ గొని, బార్త్ అను వేఱొక ప్రకాశకుని సమకూర్చుకొని, 1835 జనవరినుండి స్వామియు సంపాదకుఁడును దానొక్కఁడే యయ్యెను. విద్యార్థిమండలి పత్రికలనేకము మొదటి యేఁడు తిరుగకమునుపే నశించుట లోకవిదితము. ఉత్సాహము పదుగురిది, ప్రూఫులు దిద్దువాఁ డొక్కఁడు. ఈ పత్రిక బ్రతికినది, ఆ యొక్కఁడు పారిపోకుండుటచేతనే. ఆ యేఁటి తొలి సంచికలో నతఁడు తన ధ్యేయమును మూఁడు మాటలలోఁ జెప్పెను: గతకాలపు మహాకృతులను జ్ఞాపకము చేయుట, ఇటీవలి నిస్సారమైన వ్రేళ్లగారడీ నెదిరించుట, రాఁబోవు కవితామయయుగమునకు దారి చేయుట.

విమర్శపద్ధతి నించుక విరివిగాఁ జూడవలెను. ఒకే మూసలో విమర్శలను బోయుట షూమన్‌నకు గిట్టలేదు. నృత్యసంగీతపు చిన్న కృతులు గుట్టగాఁ బడియున్నప్పు డాతఁడు 1837లో సంపాదకుని యింటఁ గళాచరిత్రనృత్యోత్సవ మొకటి జరిగినట్లు కల్పించి, యతిథు లాడుచుండఁగా నొక్కొక్క కృతినే వాయింపించి గుణదోషములను జెప్పించెను. 1834లోనే మనోమాపక యంత్ర మొకదానిని గూర్చి వ్యాస మొకటి వ్రాసెను. కృతి నా యంత్రమునకప్పగించి ప్రశ్నించినచో రచయిత యోగ్యత యెట్టిదో యదియే చెప్పునఁట! ఇది పరిహాసమే. కాని పరిహాసము క్రింద విమర్శకుని నిజమైన వేదన కలదు: తూనికఱాయి యేది? నాదమునకుఁ దూనిక యెట్లు? మఱియొకచోట, 1836లో, సాధనకృతుల నన్నిటిని నవి యే నేర్పును గలిగించుటకై పుట్టినవో దానినిబట్టి వర్గీకరించి పట్టికగాఁ గూర్చెను. ఆ వ్యాసమునఁ గవి లేఁడు, ఉపాధ్యాయుఁడే కలఁడు. పాఠము చెప్పువారికది యెంతయో యుపకరించెను.

వీనియన్నిటికిఁ దలమానికము 1835లో బెర్లియోజ్ రచించిన అద్భుతసింఫొనీపై వ్రాసిన విమర్శ. ఈ కృతిని ఫ్రాన్సు దేశమున ఫెటిస్ అను పండితుఁడు తీవ్రముగా ఖండించియుండెను. షూమన్ మొదట నా ఖండనమునే జర్మనుభాషలోఁ దన పత్రికయందుఁ బ్రకటించెను. పూర్వపక్షమును బూర్ణముగా నుంచిన పిమ్మట సిద్ధాంతమున కుపక్రమించెను. ముందుగా ఫ్లోరెస్టాన్ ఉప్పొంగి మాటాడును. అటుపై ముసుఁగు తీసి, సొంతపేరుతో, పెక్కు సంచికలలో విచారణము సాగును. కృతిని నాలుగు దృష్టులతోఁ జూడవలెనని యతని నిర్ణయము: సంధిబంధములతోఁ గూడిన బాహ్యరూపము, స్వరసమ్మేళనము, గీతము, కూర్పు మొదలగు రచనావిశేషములు, కవి యుద్దేశించిన విశిష్టభావము, రూపభావములకును రచనకును నధిపతియైన యాత్మ. ఈ క్రమము గమనింపఁదగినది. ఆత్మను గూర్చి మొదటనే మాటాడుట సులువు, ఎవ్వరును గాదనలేరు. షూమన్ తొలుత గణించి చూపఁదగినదానిని గణించెను. రూపము లేదని ఫెటిస్ త్రోసివేసినచోట భాగముల పరస్పరసామ్యమును బట్టికవేసి చూపెను. దోషములను దాఁపలేదు. కృతితోఁ గూడ బెర్లియోజ్ పంచిన కథాసంక్షేపమును మితిమీఱినదిగాఁ దలఁచి, జర్మను శ్రోత తన భావన తానే చేసికొనఁగోరును గాని చేయిపట్టి నడిపింపఁబడఁగోరఁడని మందలించెను.

ఇన్ని పుటలు వ్రాసినవాఁడా సింఫొనీని వాద్యబృందముచే వాయింపఁగా వినలేదు. అతనియెదుట నున్నది లిస్ట్ పియానోకై చేసిన రూపాంతర మొక్కటియే. వినక విమర్శించుట సాహసమే. అయినను నామాట నతఁడు దాఁచలేదు. తన యాధార మేమో చెప్పి, దానిమీఁద నెంతవఱకుఁ జెప్పవచ్చునో యంతవఱకే చెప్పెను. విన్నవారనేకులు చెప్పలేనిదానిని, చూచి చెప్పెను.

అతని తీర్పులలో నేవి నిలిచెను? షోపెన్, బెర్లియోజ్, మెండెల్సన్ లను గూర్చిన ప్రశంసను గాలము ద్రోయలేదు. షూబర్టు విషయము కథవలె నున్నది. 1838 శరత్తున షూమన్ పత్రికను వియన్నాకు మార్పఁదలఁచి యచ్చటికిఁ బోయెను. ఆస్ట్రియా ప్రభుత్వపు ముద్రణనిర్బంధములచేత నా ప్రయత్నము నెఱవేఱలేదు. ఆ నిష్ఫలయాత్రయే మహాఫలమునిచ్చెను. షూబర్టు సోదరుఁడగు ఫెర్డినాండు నింటికిఁ బోయి చూడఁగా, కవి మరణించి పదేండ్లు గడచినను వెలుఁగుఁ జూడని వ్రాఁతప్రతుల కుప్పలో సీ స్వరమునందలి మహాసింఫొనీ యుండెను. షూమన్ దానిని లైప్జిగునకుఁ బంపించెను. 1839 మార్చి 21వ తేదీని మెండెల్సన్ దానిని వాయింపించెను. దానిని గూర్చి షూమన్ 1840లో వ్రాసిన విమర్శలో, వియన్నాయందు బేతోవెన్ సమాధిమీఁద దొరకిన యుక్కుకలము ముచ్చటయుఁ గలదు; విశేషసందర్భములందే దాని నుపయోగింతునని చెప్పుకొనెను. పత్రిక చేసిన మేలు లన్నియు మఱచినను, ఈ యొక్క కృతిని మట్టిపాలు గాకుండఁ గాపాడినందుకే దానికిఁ జరిత్రమున స్థానము కలదు.

నిలువని తీర్పులును గలవు. రోసీనిపై నతని కున్న చిన్నచూపును నేఁటి శ్రోత యొప్పుకొనఁడు. ఇంగ్లండునుండి వచ్చిన స్టెర్న్‌డేల్ బెన్నెట్ వంటి యువమిత్రులపై గురిపించిన ప్రశంసను వారి కృతులు మోయలేకపోయెను. 1837లో మేయర్‌బీర్ రచించిన ‘హ్యూగెనోట్లు’ అను సంగీతనాటకముపైఁ జేసిన దండయాత్ర మఱియుఁ గఠినము. లూథరు భక్తిగీతమును రంగస్థలమున వాడుకొనుట యాతనికి సహింపరానిదయ్యెను. ఆ వ్యాసముననే మెండెల్సన్ ‘పౌలు’ కృతిని దానికెదురుగా నిలిపి ప్రశంసించెను. పక్షపాత మిందుఁ గొంత కలదు. అయినను నిందించినది కృతిని, కృతికర్త జన్మను గాదు. ఈ భేదమెంత యవసరమో ముందు తెలియును.

గురుశిష్యుల కథ పత్రికవెలుపలిదైనను జెప్పక తీఱదు. షూమన్ క్లారాను బెండ్లాడఁగోరఁగా వీక్ 1837లో నిరాకరించెను. రారో యను ముసుఁగునకు మూలమైన గురువే శిష్యునిపై నిందలు మోపెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కి 1840 ఆగస్టు 1వ తేదీని వివాహమునకు ననుమతి లభించెను. సెప్టెంబరు 12వ తేదీని వివాహము జరిగెను. ఆ యేఁటి ఫిబ్రవరిలోనే యేనా విశ్వవిద్యాలయమువా రాతనికిఁ బండితబిరుద మొసఁగిరి. న్యాయవాదవిద్యను నడుమ విడిచిన విద్యార్థికిఁ బత్రికయే పట్టము దెచ్చెను. ఇంతకాలమును దన పత్రికలోఁ దన కృతులను గూర్చిన ప్రశంసకు షూమన్ దాదాపు చోటీయలేదు. ఒరుల కృతులకు బాట వేయుచుండఁగాఁ దన కృతుల నడిగువారు లేకపోయిరి. 1837లో వానిని గూర్చి గొప్పగా వ్రాసినవాఁడు లిస్ట్. ఆ వ్రాఁత వెలువడినది పారిస్ పత్రికలో.

1844 నడుమ షూమన్ సంపాదకత్వమును విడిచెను. 1845 నుండి ఫ్రాంట్స్ బ్రెండెల్ పత్రికకు స్వామియయ్యెను. బ్రెండెల్ విద్వాంసుఁడే, లైప్జిగు సంగీతవిద్యాలయమున నాచార్యుఁడే. కాని ఆయన కాలమున 1850 సెప్టెంబరులోఁ బత్రిక తన చరిత్రలోఁ గెల్లను నల్లని పుటలను బ్రకటించెను. సంగీతమున యూదులను గూర్చి కె. ఫ్రైగెడాంక్ అను మాఱుపేరుతో వెలువడిన యా వ్యాసము వాగ్నర్ వ్రాసినది. కృతులను విడిచి వంశమును నిందించుట యందలి పద్ధతి. మూఁడేండ్ల క్రిందట గతించిన మెండెల్సన్‌ను సైతము వదలలేదు. ఒకప్పు డదే పత్రిక ఫెలిక్స్ మెరిటిస్ అని పూజించినవాఁ డాతఁడే. సంగీతవిద్యాలయమందలి యాచార్యులు పలువురు బ్రెండెలును దొలఁగింపవలెనని వ్రాసికొనిరి, తొలఁగింపు జరుగలేదు. వాగ్నర్ 1869లో దానినే సొంతపేరుతో మరలఁ బ్రకటించెను. మాఱుపేరు యొక్క స్వభావమే యింత. ఫ్లోరెస్టాన్ అను ముసుఁగు, యువకుఁడు భయపడక మెచ్చుటకుఁ బనికివచ్చెను. ఫ్రైగెడాంక్ అను ముసుఁగు, పెద్దవాఁడు వెలిగా ద్వేషించుటకుఁ బనికివచ్చెను. ఆ పేరునకు స్వేచ్ఛాచింతనమని యర్థమగుట మఱియుఁ జోద్యము.

షూమన్ పాతపత్రికయందు మరల నొక్కమాఱు కలము పట్టెను. 1853 సెప్టెంబరు కడపట నిరువదేండ్ల బ్రాహ్మ్స్ డ్యూసెల్‌డోర్ఫులో నాతని యింటికి వచ్చి తన కృతులను వాయించెను. అప్పటికి వానిలో నొకటియు నచ్చుపడలేదు. నెల తిరుగకమునుపే, అక్టోబరు 28వ తేదీ సంచికలో, షూమన్ ఆ యువకుని లోకమునకుఁ జూపించెను. ఇరువదిరెండేండ్ల క్రిందట షోపెన్ విషయమునఁ దాను చేసినపని యిది. అప్పుడు తానును యువకుఁడే, ఇప్పుడు రారో స్థానమున నుండెను. నాలుగు నెలలలో మనస్సు చెదరి, 1854 ఫిబ్రవరి 27వ తేదీని రైన్ నదిలో దుమికెను. రక్షింపఁబడియు నెండెనిఖ్ వైద్యాలయమున రెండేండ్లకుఁ బైగా నుండి 1856 జూలై 29వ తేదీని గతించెను.

రుగ్మతకు ముందు నతఁడు తన పత్రికావ్యాసములనన్నిటిని గూర్చి, దిద్ది, నాలుగు సంపుటములుగా నేర్పఱచెను. అవి 1854లో లైప్జిగున వెలువడెను. ముసుఁగులు తీయలేదు, ఫ్లోరెస్టాన్, యూసేబియసు, రారోలు సంపుటములందును మాటాడుదురు. పీఠికలో పూర్వపు సాయంకాలముల నాతఁడు స్మరించును. షుంకెను బేరుపెట్టి తలఁచును. పత్రిక చెదరిపోవనున్నప్పుడు దానిని జేఁబట్టినవాని సంగతియుఁ జెప్పును. అయితే వాని పేరు చెప్పఁడు. పుస్తకములకంటెఁ బియానోయొద్దనే కలలు కనుచు దినములు పుచ్చిన సంఘసభ్యుఁ డొకఁ డని మాత్ర మనును.